సీసా తులసి

నేల తగలని మొక్క దేవుడికి పనికొస్తుందా అన్న అనుమానం నాకు పదకొండేళ్ళుగా ఉంది. పెద్ద అనుమానమేమీ కాదు. అయినా ప్రతిరోజూ పొద్దున్నే దీపం పెట్టాక, తులసికోట లేదు కాబట్టి నా చుట్టూ నేనే మూడుసార్లు తిరిగి దణ్ణం పెట్టుకునేటప్పుడు మాత్రం తప్పకుండా గుర్తొచ్చేది.

మేముండేది ఫిలింనగర్‌లో, గుట్ట దిగువన ఒక అపార్ట్‌మెంట్లో, మూడో అంతస్తు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెలుతురొచ్చే కిటికీ ఒక్కటే. దానికెదురుగా ఎవరిదో పెద్ద బంగళా వెనక గోడ. ఎండ పదింటికి వచ్చి పన్నెండింటికల్లా వెళ్ళిపోతుంది, కాల్షీటు తక్కువున్న పెద్ద ఆర్టిస్టులాగా. ఈ పోలిక నాది కాదు, మా ఆయనది. ఆయన పేరు మల్లికార్జున్. ముప్పై ఏళ్ళుగా సినిమాల్లో సెట్టు పని చేస్తారు. గోడలు, గుళ్ళు, తోటలు, ఏది కావాలంటే అది థర్మకోల్‌తో, ప్లైవుడ్‌తో తయారుచేసి, షూటింగ్ అయిపోగానే విప్పేస్తారు. ఇంట్లో మాత్రం ఒక మేకు కొట్టమంటే నెల పడుతుంది.

గుళ్ళో ఆచార్యులుగారిని ఈమధ్యే ఒకసారి అడిగాను. "కుండీలో మట్టి ఉంటుంది కదమ్మా, పరవాలేదు" అన్నారు. "ఆ మట్టి కూడా లేకపోతేనండీ?" అన్నాను. "మట్టి లేకుండా మొక్కేమిటమ్మా?" అని నవ్వి, నా చేతిలో తీర్థం పోసి, నా వెనకాల ఉన్న వాళ్ళకేసి చూశారు. నేను పక్కకి జరిగాను.

పదకొండేళ్ళ లెక్క ఎల్లమ్మక్క వల్ల వచ్చింది.

ఫిలింనగర్ రాకముందు మేము రహమత్ నగర్‌లో ఎల్లమ్మక్క ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. పెంకుటిల్లు, ముందు జానెడు వాకిలి, ఆ వాకిట్లో నడుమెత్తు తులసికోట. ఇల్లు మారే రోజున సామాను ట్రాలీలోకి ఎక్కిస్తుంటే, అక్క కోట మొదట్లో మొలిచిన పిల్లమొక్కనొకదాన్ని వేళ్ళతో సహా పెళ్ళగించి, కొబ్బరిచిప్పలో పెట్టి తెచ్చింది.

"ఊకె ఇస్తలేను, ఎరికేనా చెల్లె? తులసిని ఊకె ఇచ్చేది లేదు మా ఇంట్ల. అప్పుకిస్తున్న. ఇది పెద్దగైనంక దీని పిల్లనొకటి నాకు తెచ్చియ్యాలె."

"తప్పకుండా ఇస్తానక్కా."

"ఇస్తవ్ ఇస్తవ్. చక్కెర గిన్నె ఎన్నడన్న నిండుగ తెచ్చిచ్చినవా? సగం గిన్నెకే నాలుగు రోజులు తిప్పించినవ్!"

వాళ్ళత్తగారి కాలం నుంచీ ఆ ఇంటి ఆచారం అది. తులసి మొక్క ఇంట్లోంచి ఉత్తినే బయటికి పోకూడదు. పోయినది ఎప్పుడో ఒకప్పుడు పిల్లని వెంటబెట్టుకుని తిరిగి రావాలి. అప్పటిదాకా అది అప్పే.

ఆ మొక్క నా చేతుల్లో నలభై రోజులు బతికింది. రోజూ స్నానం చేసి, స్తోత్రం చదువుతూ చెంబెడు నీళ్ళు పోసేదాన్ని. చూస్తుండగానే కాడ నల్లబడింది, వేరు కుళ్ళింది. "నీ భక్తికి ఊపిరాడక పోయిందమ్మా" అంది మా అమ్మాయి మేధ. అప్పుడు దానికి పన్నెండేళ్ళు. నోరు మాత్రం అప్పటికే ఇప్పుడున్నంత ఉంది.

ఆ వారమే అక్క ఫోన్ చేసింది. "ఎట్లున్నది నా బిడ్డ?"

నేనేం చెప్పాలి? తులసి చచ్చిపోయిందని ఫోన్లో ఎలా అంటాం? నోట్లోంచి "బాగుందక్కా" అని వచ్చేసింది. ఒకసారి వచ్చాక ఇంక వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది. ఆ తర్వాత ఎప్పుడడిగినా బాగుందనే చెప్పాను. అంగట్లో మొక్కలు తెచ్చి రెండుసార్లు పెంచి చూశాను. ఆ కిటికీలో అవీ నిలవలేదు.

రెండేళ్ళకి వరలక్ష్మీ వ్రతం పేరంటానికి అక్క వస్తానంది. నేను ఖాళీ కుండీ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మా ఆయన మాత్రం ఏమీ కంగారు పడకుండా ఆ సాయంత్రం సెట్టు నుంచి ఒక ప్లాస్టిక్ తులసి మొక్క తెచ్చి కిటికీలో కుండీలో గుచ్చారు.

"నాలుగడుగుల దూరం నుంచి చూస్తే కెమెరాకే తెలీదు. ఎల్లమ్మగారికేం తెలుస్తుంది?"

"దేవుడికి తెలుస్తుందండీ."

"దేవుడికి నీ సంగతి ఎలాగూ తెలుసు. ఇప్పుడు గండం ఎల్లమ్మగారితోనేగా?"

అక్క వచ్చింది. నేను తాంబూలం సర్దడానికి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి కిటికీ దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఖాళీ మంచినీళ్ళ గ్లాసు. "మంచిగున్నది చెల్లె, మస్తు పచ్చగున్నది" అని, తాంబూలం తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత కిటికీ కింద తడిగా ఉంటే, జల్లు కొట్టిందేమో అనుకుని తుడిచాను. ఆ ప్లాస్టిక్ తులసిని ఉంచడానికి మనసొప్పలేదు, చెత్తలో వేయడానికి చెయ్యి రాలేదు. అటక మీద పెట్టించాను.

ఈ ఏడు మాఘమాసంలో ఒక శనివారం అక్కని చూడడానికి వెళ్ళాను. పెంకుటిల్లు పడగొట్టి బిల్డింగు కట్టిస్తున్నారు. మర్నాటి నుంచే పని. వచ్చేటప్పుడు కోటలోంచి నాలుగు దళాలు తుంపి, "ఇంటికాడ ఎంకన్నకు పెట్టు" అని నా చేతిలో పెట్టింది. మూడు దేవుడికి పెట్టి, నాలుగోది వాడిపోకుండా దేవుడి ముందున్న చెంబులో, నీళ్ళలో నిలబెట్టాను. అదే రాత్రి మా ఆడపడుచుకి ఒంట్లో బాగాలేదని కబురొచ్చి విజయవాడ వెళ్ళి, పన్నెండు రోజులకి తిరిగొచ్చాం.

పూజ సామాను తోముదామని చెంబు ఎత్తితే, ఆ దళం కాడకి తెల్లగా, దారప్పోగుల్లా ఏవో వేలాడుతున్నాయి. పురుగులేమోనని జడుసుకుని మేధని పిలిచాను.

మేధ ఇప్పుడు ఇక్కడే ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ పని చేస్తుంది. ఆ మధ్య దానికి కిటికీలో నీళ్ళతో మొక్కలు పెంచే సరదా పట్టింది. తెల్ల గొట్టానికి కన్నాలు పెట్టి, మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీళ్ళలోనే ఏవో సలాడ్ ఆకులు పెంచింది. లెట్యూసట. నేను దాన్ని పప్పులో వేశాను. మా ఆయన రెండు ముద్దలు తిని, "బాగుంది, ఇందులో ఆకు ఎప్పుడేస్తావు?" అన్నారు. అప్పట్నుంచి పాలకూర, పుదీనా పెంచుతోంది. పాలకూర పరవాలేదు, పుదీనా మాత్రం కిటికీ దాటి పక్కవాటా వాళ్ళ కిటికీలోకి పోతానంటుంది.

మేధ చెంబులోకి చూసి అరిచినంత పని చేసింది. "అమ్మా! ఇవి పురుగులు కావే, వేళ్ళు! నువ్వు నాకంటే ముందే హైడ్రోపోనిక్స్ మొదలుపెట్టేశావు, అదీ దేవుడి చెంబులో!"

నేను చెంబుని వెలుతురులోకి జరిపాను. నీళ్ళు ఎక్కువై చచ్చిన తులసి నాకు తెలుసు. నీళ్ళే తప్ప ఇంకేమీ లేకుండా బతికిన తులసి ఇదే. "అదెలా?" అంటే మేధ చెప్పింది. ముద్దయిన మట్టిలో వేరుకి గాలి ఆడదట. నీళ్ళలో పైన కొంచెం ఖాళీ వదిలి, చేపల తొట్టిలో పెట్టే చిన్న మోటారుతో బుడగలు పంపిస్తే ఊపిరి ఆడుతుందట. అంటే పదకొండేళ్ళ కిందట అది వేళాకోళానికి అన్న మాటే నిజమన్నమాట.

దాన్ని ఒక గాజుసీసాలోకి మార్చాం. మూతి దగ్గర జల్లెడలాంటి చిన్న బుట్ట, అందులో కాల్చిన మట్టిగోళీలు, మధ్యలో తులసి. పోషకాల మందు రెండు సీసాల్లో వస్తుంది, లీటరుకి ఇన్ని చుక్కలని కలపాలి. "ఇందులో ఎముకల పొడి గట్రా ఏమీ లేదు కదే?" అని అడిగాను. "ఉప్పులమ్మా, ఉత్త ఉప్పులు" అంది. వారానికల్లా సీసా లోపల పాచి పట్టి పచ్చబడితే, వెలుతురు తగిలితే వేళ్ళకి మంచిది కాదని మా ఆయన షూటింగ్‌లో వాడే నల్లగుడ్డ ముక్క తెచ్చి చుట్టారు. ఆషాఢం మబ్బులకి ఆ రెండు గంటల ఎండ కూడా పోయాక, ఆర్టిస్టుల మొహం మీదికి వెలుతురు తిప్పడానికి వాడే థర్మకోల్ పలకనొకదాన్ని కిటికీ పక్కన వాలుగా కట్టారు. ఎదురు బంగళా గోడ మీద పడ్డ వెలుతురు దాని మీదికొచ్చి, అక్కణ్ణుంచి తులసి మీద పడేది. ఆ బంగళా వాచ్‌మన్ రెండు రోజులు చూసి, "హీరోయిన్ ఎవరు సార్?" అని అడిగాడు. "లోపలుంది, మేకప్ అవుతోంది" అన్నారు ఈయన.

శ్రావణానికి అది మూరెడు పెరిగి, నాలుగు కొమ్మలేసింది. నేను దాని చుట్టూ తిరగలేను, కిటికీ కదా. ఎదురుగా నిలబడి, ఎప్పట్లాగే నా చుట్టూ నేనే తిరిగేదాన్ని. నేల తగలకపోతే పోయె, ఇప్పుడు మట్టి కూడా లేదు. ఇది దేవుడికి పనికొస్తుందా? తేలలేదు. దాని ఆకు ఒక్కటీ కోయలేదు.

అప్పుడు అక్క ఫోను.

"చెల్లె, ఆదివారం పొద్దుగాల గృహప్రవేశం. అందరు రావాలె. ఇంకో మాట. మా కోటల మొక్కను తవ్వి డబ్బాల పెట్టి కాపాడుదామనుకున్న, ఎండిపోయింది. కొత్త కోట కట్టిచ్చిన, బోసిగున్నది. నీ కాడ నా బిడ్డ ఉన్నది గద? దాని పిల్లను తీస్కరా. బజార్ల కొన్న మొక్క పెట్టను నేను. అత్తమ్మ తులసే నా కోటల ఉండాలె."

"తెస్తానక్కా" అన్నాను. మొదటిసారి ఆ మాట అబద్ధం కాలేదు. ఆ వంశంలో ప్రాణంతో మిగిలిన తులసి మా కిటికీలో సీసాలో ఉన్నదొక్కటే. ఆదివారానికి నాలుగు రోజులుంది. నా అప్పు తీరే రోజు దేవుడే పెట్టాడనుకున్నాను.

గురువారం తెల్లవారుజామున మా ఆయన నా పక్కకి చేరి, కాఫీ తనే కలిపి ఇచ్చారు. ఏదో ఉందని అప్పుడే అర్థమైంది.

"ప్రసూనా, నీ తులసిని ఒక్కపూట ఇస్తావా?"

సంగతేమిటంటే, దగ్గర్లోనే ఒక బంగళాలో షూటింగ్. పొద్దున్నే హీరోయిన్ తులసిపూజ చేసే సీను. డైరెక్టరుగారు ప్లాస్టిక్ మొక్క వద్దన్నారు, గాలికి ఆకు కదలడం లేదట. అంగట్లోంచి నిజం మొక్క తెస్తే, కుండీ కోటలో దిగలేదు. కోట అంతా థర్మకోల్, పైన మూతి సీసా పట్టేంత. మట్టి దులిపి గుచ్చితే నిన్న లైట్లకి గంటలో వాడిపోయింది.

"నీ సీసా అయితే సరిగ్గా దిగుతుందే. కొలిచినట్టు ఉంటుంది."

"ఆదివారం అక్కకివ్వాలండీ."

"మధ్యాహ్నానికి తెచ్చేస్తాను. ఈ సీను అవకపోతే నా పని పోయేలా ఉంది."

పని పోదని నాకు తెలుసు. కానీ ఆ మొహం చూస్తే కాదనలేకపోయాను. "నేనూ వస్తాను. నా కళ్ళముందే ఉండాలి" అన్నాను.

సెట్టులో ఆ కోటని చూడగానే చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. పాత రాయి, పసుపు కుంకుమ మరకలు, దీపం మసి, అన్నీ ఉన్నాయి. దగ్గరికెళ్ళి వేలితో తడితే డొల్లగా మోగింది. సీసా అందులో దింపాక ఎవరూ బొమ్మ కోటనరు. అసిస్టెంట్ డైరెక్టర్ నిహారిక అనే అమ్మాయి నన్ను మానిటర్ వెనకాల కుర్చీలో కూర్చోబెట్టి, "ఆంటీ, షాట్‌లో మాట్లాడకూడదు, సరేనా?" అంది. నేను నోటిమీద వేలేసుకుని చూపించాను.

మొదటి రెండు షాట్లు బాగానే అయ్యాయి. మూడోది దగ్గర్నుంచి తీసేది. దానికి ముందు మా ఆయన పిచికారీ సీసా పట్టుకుని వచ్చి, ఆకుల మీద సన్నగా కొట్టారు. పాపం, మొక్కకి దాహమేస్తుందని ఈయనకి తోచిందే అని సంతోషించాను. ఆకుల మీద చుక్కలు మంచు ముత్యాల్లా నిలిచాయి. లైట్లు వేశారు. ఆ వేడికి నాకే చెమట పోస్తోంది. అయిదు నిమిషాలైంది, పదైంది. ఆ చుక్కలు మాత్రం ఆరలేదు, జారలేదు.

పక్కనున్న మేకప్ ఆయన చెవిలో అడిగాను. "నీళ్ళు ఆరిపోవేం బాబూ?"

"నీళ్ళయితే ఆరిపోతాయనే గ్లిజరిన్ కలుపుతారమ్మా. మంచు బిందువులకి ఎప్పుడూ అదే."

నాకు కుర్చీలో కూర్చున్న సంగతి గుర్తులేదు. షాట్ నడుస్తోంది. హీరోయిన్ కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతోంది. నేను తిన్నగా కోట దగ్గరికి నడిచాను.

"కట్! ఎవరండీ ఆవిడ?"

"ఆంటీ! షాట్ నడుస్తోంది!" అని నిహారిక పరిగెత్తుకొచ్చింది.

"నడవనీ అమ్మా, ఇక్కడ తులసి చచ్చిపోతోంది! ఏవండీ, మీకేమైనా మతి ఉందా? బతికున్న మొక్కకి జిగురు పూస్తారా?"

మా ఆయన పిచికారీని వీపు వెనక దాచుకున్నారు. "అలవాటే ప్రసూనా. ముప్పై ఏళ్ళ నుంచి ఆకు కనపడితే చెయ్యి దానంతటదే పిచికారీ వెతుక్కుంటుంది. ఇది బతికున్నదని గుర్తులేదు."

అంతా నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అది చూసి హీరోయిన్ అమ్మాయే ముందుకొచ్చింది. మేకప్ ఆయన దగ్గర దూది, మంచినీళ్ళు అడిగి తీసుకుని, పట్టుచీర కుచ్చిళ్ళు మడిచిపెట్టి కూర్చుని, ఒక్కొక్క ఆకూ తుడిచింది. "ఇంతకీ దీని పేరేమిటాంటీ?" అంది. "తులసేనమ్మా." "అది తెలుసులెండి. పాలకూరకి పేరు పెట్టం గానీ దీనికి పెడతాం కదా అని." నాకు నవ్వొచ్చింది. "ఎల్లమ్మ" అనేశాను.

మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చాం. సాయంత్రానికి కొమ్మలు వేలబడ్డాయి. శుక్రవారం పొద్దున్నకి సగం ఆకులు అంచులు నల్లబడి ఉన్నాయి.

మేధ సీసా ఎత్తి చూసింది. "వేళ్ళు బాగానే ఉన్నాయమ్మా, తెల్లగా ఉన్నాయి. పైన ఉన్నదంతా మోయలేక పోతోంది. సగం పైకి కోసెయ్యాలి. నీళ్ళు మార్చి, మందు సగమే కలిపి, నీడలో పెడదాం."

"ఇవాళ శుక్రవారమే! శుక్రవారం తులసి కోయకూడదు."

"రేపటిదాకా ఆగితే కాడ కూడా పోతుందేమో. నీ ఇష్టం."

కత్తెర నా ముందు పెట్టి అది డ్యూటీకి వెళ్ళిపోయింది. నేను దేవుడి ముందు కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక శుక్రవారం నాడు తులసి మీద చెయ్యి వేయలేదు. కోయకూడదని పెద్దవాళ్ళు ఎందుకన్నారు? రోజూ తుంపితే మొక్క బతకదని కదా, కొన్ని రోజులైనా దాని మానాన దాన్ని వదలమని కదా? మరి కోస్తేనే బతుకుతుందన్నప్పుడు? పూజకి కోయడం, ప్రాణానికి కోయడం ఒకటేనా? ఎవరినడగను? ఆచార్యులుగారినడిగితే, మట్టి లేకుండా మొక్కేమిటమ్మా అంటారు. చివరికి దేవుడితోనే చెప్పాను. "తప్పయితే నాకు రాసుకో స్వామీ, మొక్కకి రాయకు."

కత్తెరకి పసుపు రాసి, కళ్ళకద్దుకుని, సగానికి పైన కోశాను. కోసింది దేవుడికి పెట్టలేదు, గ్లిజరిన్ తగిలింది కదా. నీళ్ళలో నిలబెట్టి చూస్తే, సాయంత్రానికి అదీ నల్లబడిపోయింది.

శనివారం సీసాలో మిగిలింది జానెడు పుల్ల, దానికి అయిదు ఆకులు. ఏ మార్పూ లేదు. రాత్రి అన్నాలప్పుడు మా ఆయన నెమ్మదిగా అన్నారు. "ఒకవేళ... అటక మీద ఉంది కదా..."

నేను ఆయనవైపు చూశాను.

"ఏమీ లేదులే. మజ్జిగ పొయ్యి" అన్నారు.

ఆదివారం వేకువనే లేచి, స్నానం చేసి, తడిచీరతోనే కిటికీ దగ్గరికెళ్ళాను. దీపం దగ్గరగా పెట్టి చూశాను. ఆకు కాడలు పుల్లకి అతుక్కునే చోట, రెండువైపులా, నువ్వుగింజంత పచ్చటి మొగ్గలు. ఒకటి కాదు, రెండు. ముగ్గుర్నీ కూర్చోబెట్టి చూపించుకున్నాను. ముగ్గురంటే మా ఆయన, మేధ, దేవుడు.

ఆటోలో సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. యూసుఫ్‌గూడ దాటేదాకా ప్రతి గతుకుకీ నీళ్ళు తొణికి చీర తడుస్తూనే ఉంది. దార్లో అక్కకి ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. నాలుగూ అబద్ధాలే వచ్చాయి. దిగేముందు అవన్నీ వదిలేశాను.

కొత్త బిల్డింగు ముందు మామిడి తోరణాలు, షామియానా. గేటు పక్కన బండ వేయకుండా వదిలిన చారెడు నేలలో కొత్త కోట, సున్నం వేసి ఎర్రమన్ను పట్టీలు దిద్ది ఉంది. అక్క పట్టుచీరలో, చేతులనిండా పసుపుతో ఎదురొచ్చింది.

"తెచ్చినవా నా బిడ్డను?"

సీసా ముందుకి చాచాను. అయిదాకుల పుల్లని చూడ్డానికి అక్క వంగింది. నేనే చెప్పేశాను.

"అక్కా, నువ్వు అప్పుడిచ్చిన మొక్క నలభై రోజులకే చచ్చిపోయింది. పదకొండేళ్ళు నీకు అబద్ధం చెప్పాను. ఇది మొన్న మాఘంలో నువ్వు దేవుడికిచ్చిన దళం. దేవుడి చెంబులో వేళ్ళేసింది. మట్టి లేకుండా, నీళ్ళలోనే పెంచాను. మధ్యలో సినిమాలో కూడా వేసింది, అందుకే ఇలా అయింది."

అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. పసుపు చీరకంటుకుంటున్నా ఆపలేదు.

"నాకెరికే లేదనుకున్నవా చెల్లె? పేరంటానికొచ్చిన్నాడు నా బిడ్డ గద అని గిలాసెడు నీళ్ళు పోసిన. పోసినయి పోసినట్లు కిందికి కారినయి! ముట్టుకుంటే ప్లాస్టిక్! నవ్వాపుకోలేక ఉరికొచ్చిన ఆ రోజు."

నా పక్కన మా ఆయన షామియానా గుంజ నాణ్యం పరిశీలిస్తున్నారు.

"మరి ఇన్నేళ్ళూ అడుగుతూ వచ్చావు కదక్కా, ఎట్లున్నది నా బిడ్డ అని?"

"అడగకపోతే ఊకుంటవ్ గద. అడుగుతాంటే సిగ్గుకన్న నా కాడ ఇంకోటి తీస్కపోయి పెంచుతవని అడిగిన. మొన్న మాత్రం ఆశకొద్ది అడిగిన. పెంచినవ్ గద ఇప్పుడు?"

ఉండబట్టలేక ఆ అనుమానం కూడా అడిగేశాను. "అక్కా, నీళ్ళలో పెరిగిందే ఇది. మట్టి ఎరగదు. దేవుడికి పనికొస్తుందంటావా?"

అక్క నన్ను వింతగా చూసింది. "పాలసముద్రంల పండుకునేటాయన ఆయన. ఆయనేమన్న మట్టిల పండుకున్నడా? నీళ్ళ తులసి ఆయనకే పనికిరాకుంటె ఇంకెవలికి పనికొస్తది?"

ఆచార్యులుగారికి ఈ మాట చెప్పాలనుకున్నాను. ఆయన ఏమంటారో తెలీదు. నాకు మాత్రం పదకొండేళ్ళ తర్వాత అక్కడ కొంచెం ఊపిరాడింది.

మేధ సీసాలోంచి మొక్కని జాగ్రత్తగా తీసి, గోళీలు విడదీసి, "వారం రోజులు మన్ను ఎండనివ్వకు పెద్దమ్మా, దానికి ఇంకా నీళ్ళ అలవాటే" అంది. అక్క కోటలో మన్ను గుంట చేసింది. నేను పుల్లని నిలబెట్టాను. తెల్లటి వేళ్ళు మొదటిసారి మట్టి మీద పరుచుకున్నాయి. ఇద్దరం నాలుగు చేతులతో చుట్టూ మన్ను అదిమాం. తర్వాత నేను ఆ కోట చుట్టూ తిరిగాను, మూడుసార్లు, నా చుట్టూ కాదు.

మూడోసారి తిరిగి వచ్చేసరికి అక్క నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. కోటలో కొంచెంగా, మన్ను తడిసేంత మటుకే పోసింది. మొగ్గల వైపు వంగి చూసి, నా భుజం మీద పసుపు చెయ్యి వేసింది.

"ముట్టింది చెల్లె," అంది. "నా అప్పు ముట్టింది."